గుడ్డ చేతపట్టే ముందు

(ఇంట్లో ఖరీదైన సెట్లు పెట్టుకుని పాటలు వినే కొంతమంది హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నారు. అక్కడ ఒక పాలిష్ పనివాడు మాట్లాడిన మాటలివి. ఆయన మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. మైకు వద్దులెండి, గది చిన్నదే. పైగా నా గొంతు ఈ స్పీకర్లలోంచి వస్తే వాటికి అవమానం.

ముందే ఒప్పుకుంటున్నాను, సౌండు గురించి నాకు తెలిసింది సున్నా. మీరు క్రాసోవరు అంటారు, ఇంపీడెన్సు అంటారు, కేబులు మారిస్తే పాడేవాళ్ళ ఊపిరి కూడా వినపడింది అంటారు. నాకవేవీ పట్టవు. నాకు పట్టేది పెట్టె మీద ఉన్న మెరుపు ఒక్కటే. మా తాత చెక్క సామానుకు చపడా పాలిష్ పెట్టేవాడు. మా నాన్న బీరువాలకు డ్యూకో కొట్టాడు. నేను కార్లతో మొదలుపెట్టి, పియానోల మీదుగా తిరిగి తిరిగి మీ స్పీకర్ల దగ్గర తేలాను. మూడు తరాలూ ఒకే పని అనుకోండి, డబ్బాలు మారాయి అంతే.

సార్, ఆ ట్యూబులైట్లు ఒకసారి ఆపిస్తారా? ఆ... చాలు. ట్యూబులైటు కింద ఏ స్పీకరైనా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బాగానే ఉంటుంది. ఇప్పుడు నా ఫోను టార్చి వేస్తున్నాను, ఈ ఎడమ స్పీకరు పక్క పలక మీద. కొంచెం దగ్గరకు రండి. టార్చి వెలుగు చుట్టూ చూడండి. కనపడిందా?

(ఒకరిద్దరు: అయ్యో!)

సాలెగూడులాగా ఉంది కదా, సన్నటి గీతలు గుండ్రంగా. సార్, మీ ఇంటికొచ్చి మీ వస్తువునే ఇలా చూపిస్తున్నాను, ఏమీ అనుకోకండి. దీన్ని ఎన్నాళ్ళకోసారి తుడుస్తారు?

(గృహస్థు: రోజూ తుడుస్తానండీ. పొద్దున్నే, కాఫీకి ముందు.)

అదిగో. నేను చెప్పడానికి వచ్చిందంతా సారే ఒక్క ముక్కలో చెప్పేశారు. నా దగ్గరకు వచ్చే స్పీకర్లలో దుమ్ము పట్టి పాడైనవి తక్కువ. ప్రేమగా తుడిచి తుడిచి పాడు చేసినవే ఎక్కువ. దుమ్ము తన పాటికి తాను కూర్చుని ఉంటుంది, దానివల్ల ఏ నష్టమూ లేదు. దాని మీద గుడ్డ వేసి నొక్కి లాగామా, అప్పుడది ఉప్పు కాగితం.

ఇంతకీ గీతలు గుండ్రంగా ఎందుకున్నాయి? సారు గుండ్రంగా తుడిచారనా? కాదు. ఇంటికెళ్ళాక స్టీలు కంచం ఒకటి కడిగి బల్బు కింద పట్టండి. బల్బు ప్రతిబింబం చుట్టూ వలయాలు కనపడతాయి. కంచం పక్కకు జరిపినా వలయాలు దాంతో పాటు జరగవు, బల్బు ప్రతిబింబం చుట్టే ఉంటాయి. అంటే అవి కంచం మీద గీసిన వలయాలు కావు. గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే తళుక్కుమంటాయి. వాటన్నిటినీ కలిపి మన కన్ను వలయం చేస్తుంది.

ఇంకో సంగతి, నల్ల స్పీకరుకే ఈ బాధ ఎందుకు ఎక్కువ? లక్కరు, అంటే పెట్టె మీది మెరుపు పొర, దాని మీద తిన్నగా పడ్డ వెలుగులో నూటికి సుమారు నాలుగు పాళ్ళే పై పొర నుంచి తిరిగొస్తుంది. మిగతాది లోపలికి పోతుంది, నలుపు దాన్ని మింగేస్తుంది. అంత చీకట్లో ఒక్క గీత కాస్త వెలుగును పక్కకు చిమ్మినా అమావాస్య రాత్రి అగ్గిపుల్ల గీసినట్టే. తెల్ల స్పీకరులో అడుగు నుంచే బోలెడంత వెలుగు తిరిగొస్తుంది కాబట్టి గీతలు అందులో దాక్కుంటాయి. అందుకని తెల్లవి కొన్నవాళ్ళు హాయిగా ఉంటారు, పసుపు బొట్టు పెట్టేదాకా. ఆ కథ తర్వాత చెబుతాను.

లైట్లు వేసేయండి సార్.

దుమ్ము సంగతి. మన హైదరాబాదంతా బండరాయి మీద కూర్చుంది. గ్రానైటు. అందులో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. గట్టిదనానికి మోస్ అనే ఆయన పేరుతో ఒక కొలత ఉంది, ఒకటి నుంచి పది దాకా. వజ్రం పది. క్వార్ట్జ్ ఏడు. మన వంటింటి చాకు ఐదున్నర దగ్గర ఉంటుంది. లక్కరును అసలు ఈ కొలతతో కొలవరు, పెన్సిళ్ళతో కొలుస్తారు. హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడిందా, టూ హెచ్‌కు పడిందా, త్రీ హెచ్‌కా అని. పెన్సిలుకు లొంగే దాని మీద చాకు కంటే గట్టి రేణువును పెట్టి రుద్దుతున్నాం. ఇప్పుడు కోకాపేట, నార్సింగి వైపు బండలు కొట్టని రోజు లేదు. ఆ పొడి మీ పదో అంతస్తు కిటికీలోంచి కూడా లోపలికి వస్తుంది. విశాఖలో బీచి ఒడ్డు ఫ్లాట్లలో ఇంకో రకం తిప్పలు. అక్కడ ఉప్పు గాలి, దుమ్ము తడిబారి అంటుకుంటుంది.

ఇక మెరుపు పొర దేంతో చేస్తారో కొంచెం చెప్పుకోవాలి. అది తెలియకుండా చేయి వేయకూడదు. మా తాత చపడా అన్నాను కదా, అది లక్కే. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద పెట్టే గూడు. లాడ్‌బజారు గాజులకు వాడేదీ అదే. మాది యలమంచిలి వైపు, ఏటికొప్పాక పక్కనే. అక్కడ అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ తర్వాత మొగలి ఆకు పెట్టి ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. చిన్నప్పుడు గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ణి. ఇంగ్లీషువాళ్ళ లక్కరు అనే మాట కూడా మన లాక్ష లోంచి పోయిందే.

తాత పద్ధతి వేరు. చపడాను స్పిరిట్‌లో నానబెట్టి, దూది ఉండ మీద పాత పంచె గుడ్డ చుట్టి, పదులకొద్దీ సార్లు పూసేవాడు. ఒక బల్లకు వారం పట్టేది. ఎంత మెరిసినా దాని మీద వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడేది. స్పిరిట్ చుక్క పడితే ఊడొచ్చేది. స్పిరిట్‌తో కరిగింది స్పిరిట్‌కే లొంగుతుంది మరి. ఇది గుర్తుంచుకోండి, శానిటైజరు దగ్గర పనికొస్తుంది.

మీ స్పీకర్లలో లక్క ఉండదు. మూడు రకాలుంటాయి. మొదటిది పాలియెస్టరు, పియానోల మీద ఉండేది. మందంగా పోసి, ఆరాక అరగదీసి, బఫింగ్ చేసి తెస్తారు, అంటే మెషిన్‌కు మెత్తటి ప్యాడు తగిలించి రుద్ది మెరుపు తేవడం. గట్టిగా ఉంటుంది, కానీ మూల తగిలితే పెంకులా రాలుతుంది. యమహావాళ్ళు తమ ఎన్ఎస్-5000 స్పీకరుకు వాళ్ళ గ్రాండ్ పియానోలకు వేసే మెరుగే వేశారు. పియానో కట్టే కంపెనీకి వేరే వెతుక్కునే పనేముంది! రెండోది కార్ల మీద వేసే తరహా పీయూ (పాలీయురేథేన్) లేదా అక్రిలిక్ క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పొర. ఇది పలచన. కారు మీద క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మన తల వెంట్రుక దాదాపు 70. అంటే వెంట్రుకంత మందం కూడా లేని పొర మీద మీ వైభవమంతా నిలబడి ఉంది. మూడోది అసలు పెయింటే కాదు, మెరిసే ఫిల్ము అంటించడం. వెనక పలక అంచుల్లో చూస్తే అతుకు కనపడుతుంది. దాన్ని ఏ పాలిషూ బాగు చేయలేదు. తగ్గింపు ధరలో పియానో బ్లాక్ అని అమ్మేవాటిలో ఇవి ఎక్కువ. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, అమ్మేవాడు ముఖం చిట్లించినా సరే.

ఇటలీలో విచెంజా దగ్గర సోనస్ ఫాబెర్ అని ఉంది, 1983లో పెట్టిన కంపెనీ. వాళ్ళ పెట్టెలు కొన్ని వీణ బుర్రలా వంపు తిరిగి ఉంటాయి. వాళ్ళు వీణను చూసి కాదు, ల్యూట్ అని వాళ్ళ పాత వాద్యం ఉందిలెండి, దాన్ని చూసి చేశారు. చూడ్డానికి ఎంత అందమో, పాలిష్ పనివాడికి అంత నరకం. వంపు మీద ప్యాడు సమంగా ఆనదు, ఒకచోటే ఎక్కువ అరుగుతుంది. అందుకని అలాంటి వాటికి గీత పడకుండా చూసుకోవడమే దారి.

అమెరికాలో యూటా రాష్ట్రంలో విల్సన్ ఆడియో ఉంది. వాళ్ళు స్పీకరుతో ఇచ్చే పుస్తకంలో దుమ్ము తుడవడానికి ఒక వరస రాశారు. ఒక కస్టమరు దాన్ని నాకు చదివి వినిపించారు. మొదట ఊదాలి. తర్వాత వాళ్ళిచ్చిన గుడ్డను కుంచెలాగా వాడి, ఒత్తకుండా విదిలించాలి. గుడ్డ దులపాలి. అప్పుడు తుడవాలి, అదీ నేలకు సమాంతరంగా, ఒకే దిక్కుకు. గుండ్రంగా వద్దు. కొత్త పెయింటు పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా ఏ ద్రావకమూ తగలనివ్వద్దు. విన్నాక నాకు నవ్వొచ్చింది. అంత పెద్ద కంపెనీ చెప్పిందీ, మా తాత చెప్పిందీ ఒకటే. ఆయన కొత్త బల్లను పదిహేను రోజులు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, నానమ్మనైనా సరే.

ఇప్పుడు చేసి చూపిస్తాను. ఇది కెమెరా లెన్సు ఊదే రబ్బరు బుడ్డి. నోటితో ఊదొద్దు, తుంపరలు పడతాయి. కంప్యూటరు ఊదే స్ప్రే డబ్బా కూడా వద్దు, వంచి కొడితే చల్లటి ద్రవం పడి మచ్చ చేస్తుంది. పై నుంచి కిందికి ఊదుకుంటూ రండి. ట్వీటరు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న గుండ్రటి భాగం, దాని వైపు వద్దు. ఇదిగో, ఇది మెత్తటి కుంచె. ఆడవాళ్ళు మొహానికి పౌడరు అద్దుకునే పెద్ద కుంచె. నిజమేనండీ, నవ్వకండి, మా ఆవిడ దగ్గర కొట్టేసిందే. దీని బరువు ఎంతో అంతే తగలాలి, చేయి బరువు తగలకూడదు. చూడండి, దుమ్ము ఎలా లేచిపోతోందో. ఇక్కడితో నూటికి తొంభై రోజులు పని అయిపోయినట్టే. గుడ్డ తీయనే అక్కర్లేదు.

వేలిముద్రలుంటే అప్పుడు గుడ్డ. మైక్రోఫైబరు. పట్టుకుంటే కుక్కపిల్ల వీపులా ఉండాలి, పలచగా గరగరలాడేది వద్దు. అంచు కుట్టు, కంపెనీ లేబులు కత్తిరించేయండి, ఆ నైలాను దారమే గీత పెడుతుంది. కొత్తదాన్ని కూడా ఒకసారి ఉతికి వాడండి. బట్టలు మెత్తబడటానికి పోసే ద్రవం అందులో వేయకండి, అది పోగులకు జిడ్డు పూస్తుంది. తువ్వాళ్ళతో కలిపి ఉతికితే వాటి నూగంతా దీనికి పడుతుంది. గుడ్డ నేల మీద పడిందా, ఇక అది స్పీకరుది కాదు, వంటింటి గట్టుది. వంగి తీసి దులిపి మళ్ళీ వాడే చేయి ఉంది చూశారూ, దాన్ని అదుపులో పెట్టడమే కష్టం. నా చేయి కూడా అంతే.

మా నాన్న పాత నూలు పంచె వాడేవాడు. మంచిదే, ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చాలా మెత్తన. కానీ ఒక పెద్దాయన ఇంట్లో ఏమైందంటే, ఆయన పంచెతోనే తుడిచారు, అయినా గీతలే. ఎందుకో అర్థం కాలేదు. గుడ్డ తెచ్చి చూపించమంటే తెచ్చారు, పట్టుకోగానే తెలిసింది. గంజి! గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె ముక్క అది. పాపం, స్పీకరుకు మర్యాద చేద్దామనుకున్నారు.

గుడ్డను సగానికి మడవండి, ఇలా. మళ్ళీ ఒకసారి. ఇప్పుడు ఎనిమిది ముఖాలున్నాయి. ఒక చారకు ఒక ముఖం. మరీ తడి కాదు, బుగ్గకు ఆనిస్తే చల్లగా అనిపించేంత. పొడి గుడ్డతో పాలియెస్టరును రుద్దితే విద్యుత్తు పుట్టి, మీరు అటు తిరిగేలోపు ఇంకింత దుమ్మును లాక్కుంటుంది. చిన్నప్పుడు దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలు ఎగరేశాం కదా, అదే ఇది. నీళ్ళు ఏవి? బోరు నీళ్ళు వద్దే వద్దు, ఆరితే సున్నపు చారలు పడతాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు డబ్బా తెచ్చుకోండి. షాపులో సరిగ్గా చెప్పి అడగండి, యాసిడ్ ఇచ్చేస్తాడు. వేలిముద్ర జిడ్డుగా ఉంటే అర లీటరు నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసుకోవచ్చు. ఆ తర్వాత మామూలు తడి గుడ్డ, చివర పొడి గుడ్డతో అద్దడం. రుద్దడం కాదు, అద్దడం.

అద్దాలు తుడిచే నీలం ద్రవం వద్దు. నిమ్మకాయ, వెనిగరు, టూత్‌పేస్టు వద్దు. యూట్యూబులో ఎవరో చెప్పారని టూత్‌పేస్టు వేశారొకాయన, అందులో ఉండేది అరగదీసే పొడే కదండీ. కొబ్బరి నూనె రాసేవాళ్ళున్నారు. రెండు రోజులు నిగనిగలాడుతుంది, మూడో రోజుకు దుమ్ము దాని మీద అట్టుకట్టుకుపోతుంది. సిలికాన్ స్ప్రేలైతే నా కడుపు కొడతాయి. అవి పట్టిన పెట్టెకు తర్వాత ఎప్పుడైనా పెయింటు వేయాల్సి వస్తే, వేసిన చోటల్లా పెయింటు విడిపోయి చేప కన్ను లాంటి గుంటలు పడతాయి. శానిటైజరు సంగతి 2020లో చూశాం. చేతికి పూసుకుని ఆరకముందే స్పీకరు మీద చేయి వేసేవారు. కొన్ని రకాల లక్కరు స్పిరిట్‌కు మెత్తబడుతుంది. అరచేయి ముద్ర అచ్చుగుద్దినట్టు దిగిపోయిన పెట్టె ఒకటి నా దగ్గరకు వచ్చింది, హస్తసాముద్రికం చెప్పుకోవచ్చు, ఆయుష్షు రేఖతో సహా కనపడుతోంది.

పసుపు బొట్టు కథ చెబుతానన్నాను. గృహప్రవేశానికి కొత్త స్పీకర్లు తెచ్చారు ఒక ఇంట్లో, ముత్యంలాంటి తెలుపు, అద్దం మెరుపు. కొత్త వస్తువు కదా, ఆవిడ పసుపు తడిపి రెండు స్పీకర్లకూ ముందు పలక మీద బొట్లు పెట్టింది, మధ్యలో కుంకుమ. ఆయన చూసి కూడా ఏమీ అనలేకపోయాడు, అనగలమా మనం! వారం తర్వాత పసుపు ఎండి రాలింది, కానీ కింద రంగు దిగిపోయింది. ఆయన సబ్బు నీళ్ళతో తుడిచాడు. పసుపు మచ్చ కాస్తా ఎర్రబడింది. హడలిపోయాడు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బు తగిలినా అదే గుణం. కంగారులో గిన్నెలు తోమే పీచు తీసుకుని రుద్దాడు. అప్పుడు నాకు ఫోను.

నేను వెళ్ళి మచ్చను ముట్టుకోలేదు. మామూలు నీళ్ళతో అద్ది సబ్బు తీసేసి, పొద్దుటి వెలుగు పడే కిటికీ దగ్గరకు స్పీకర్లను జరిపించాను. పసుపు మరక ఎండకు వేస్తే పోతుందని మన అమ్మలకు తెలియంది కాదు. పూటకు గంటో రెండు గంటలో. ఎక్కువసేపు వద్దు, తెల్ల లక్కరు కూడా ఎండకు పసుపుబారుతుంది, అప్పుడు మచ్చ పోయిందో పెట్టె రంగే మారిందో తెలీదు. నాలుగైదు రోజులకు బొట్టు పోయింది. పీచు గీతలు మాత్రం ఉండిపోయాయి, వాటికి నేను డబ్బులు తీసుకోవాల్సి వచ్చింది. మా వృత్తిలో సంపాదనంతా ఇలా రెండో తప్పు మీదే. బొట్టు పెట్టొద్దని నేననను. వెనక, వైర్లు తగిలించే పలక మీద పెట్టుకోండి. లేదంటే కింద స్టాండు మీద. దేవుడు అటు నుంచి కూడా చూస్తాడు.

హారతి కర్పూరం, అగరుబత్తి విషయం కూడా ఇందులోనే చెబుతాను. పొగలో మసి ఉంటుంది, జిడ్డు ఉంటుంది. పూజగది ఎదురుగా స్పీకరు ఉంటే ఆ వైపు పలక మీద ఏడాదిలో సన్నటి మేలి ముసుగు పడుతుంది. అది గీత కాదు, భయపడొద్దు. ఒక చుక్క సబ్బు నీళ్ళకు పోతుంది. బల్లి రెట్ట పడితే మాత్రం ఆలస్యం చేయకండి, పుల్లటి గుణం ఉంది దానికి, వదిలేస్తే లక్కరును తినేస్తుంది. గీకొద్దు. తడి గుడ్డ పది నిమిషాలు దాని మీద వేసి ఉంచితే నానిపోయి వస్తుంది.

ఇల్లు మారేటప్పుడు బబుల్ షీటు చుడతారు. బుడగల వైపు పెట్టెకు తగలనివ్వకండి. ఎండాకాలం లారీలో రెండు రోజులు ఉంటే ఆ వేడికి బుడగల గుర్తులు లక్కరు మీద దిగిపోతాయి. అమ్మవారు పోసినట్టుగా ఉంటుంది చూడ్డానికి. ముందు మెత్తటి గుడ్డ సంచి, దాని మీద బబుల్ షీటు. మోసేవాళ్ళు ఉంగరాలు, గడియారం తీసేయాలి. బెల్టు బకిల్ సంగతి ఎవరికీ గుర్తుండదు. బరువు ఎత్తగానే పొట్టకు ఆనించుకుంటాం, బకిల్ నిలువుగా ఒక గీత గీస్తుంది. ఆ గీత ఎత్తు చూసి మోసినవాడి ఎత్తు చెప్పగలను నేను. స్టాండు మీద చిన్న స్పీకర్లు కదలకుండా బంకముద్ద పెడతారు కదా, దాన్ని నిలువుగా లాగితే పెయింటు కూడా ఊడొస్తుంది. మెల్లగా మెలి తిప్పి తీయండి. మెరిసే పలక మీద రబ్బరు కాళ్ళున్న వస్తువు ఏదీ పెట్టొద్దు, రబ్బరులో నూనె దిగి నల్లటి మచ్చ వేస్తుంది, అది పోదు.

ట్వీటరు గురించి ఒక్క ముక్క. అది నా శాఖ కాదు, కానీ తుడిచేవాడి చేయి అక్కడికి కూడా పోతుంది. కొన్నిట్లో ఆ చిన్న డోము బెరీలియం అనే లోహంతో చేస్తారు, ఫోకల్ కంపెనీ యుటోపియా స్పీకర్లలో అదే. పగిలితే ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. బీ అండ్ డబ్ల్యూ కంపెనీ పెద్ద స్పీకర్లలో వజ్రంతోనే చేస్తారు. దాన్ని తుడవడానికి ఏ గుడ్డా తీయకండి. వాక్యూమ్ క్లీనరు ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇక బఫింగ్. మెషిన్ కొని మనమే చేసుకుంటే పోలా అని అడుగుతారు. బఫింగ్ అంటే గీత తీసేయడం కాదండీ. గీత ఎంత లోతుందో చుట్టుపక్కల అంతా అంత లోతుకు దించేయడం. చెప్పాను కదా, వెంట్రుకంత కూడా లేదని. బ్యాంకులో వేసిన డబ్బు అది, తీయడమే కానీ వేయడం ఉండదు. కారైతే మీటరు పెట్టి మందం ఎంత మిగిలిందో చూస్తాం. ఆ మీటరు లోహం మీదే పని చేస్తుంది, మీ పెట్టెలు ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టును జిగురుతో అతికించి చేసిన పలక. చెక్క మీద కొలవాలంటే అల్ట్రాసౌండ్ మీటరు కావాలి, అది చాలా ఖరీదు. లేనివాడు చీకట్లో చేస్తున్నట్టే.

నేనూ చేశాను. కార్ల నుంచి వచ్చిన కొత్తలో, పొగరుగా ఉన్న రోజులు. నల్ల స్పీకరు, పైన క్లియర్ కోటు. తెల్లటి ఫోము ప్యాడుతో చేస్తున్నాను. పలకంతా బ్రహ్మాండంగా వచ్చింది, అంచు దగ్గర కొంచెం మసక మిగిలింది. ఇంకొక్కసారి అని ప్యాడు వాల్చాను. అంచు మీద పొర ఎప్పుడూ పలచనే, పెయింటు తడిగా ఉన్నప్పుడే అంచు నుంచి జారిపోతుంది. ప్యాడు తీసి చూస్తే దాని మీద అగ్గిపుల్లంత నల్ల చార. అప్పటిదాకా తెల్లగా ఉన్న ప్యాడుకు నలుపు అంటిందంటే అర్థం, క్లియరు అయిపోయింది, రంగు దాకా వెళ్ళిపోయాను. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ పలక మొత్తం మళ్ళీ అరగదీసి, కొత్తగా పెయింటు వేయించి, నెల రోజుల తర్వాత ఇచ్చాను. నా జేబు నుంచే. అప్పటి నుంచి అంచులకు ముందే టేపు వేస్తాను. మసక మిగిలితే మిగలనీ.

ఇప్పుడు అడగండి.

(ఒక మహిళ: పనమ్మాయి తుడుస్తుందండీ. ఎంత చెప్పినా తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేస్తుంది.)

ఆ అమ్మాయి తప్పు లేదమ్మా, బల్ల ఎలా తుడవాలో స్పీకరూ అలాగే అనుకుంటుంది. పైగా ఆ గుడ్డతోనే అంతకుముందు కిటికీ తుడిచి ఉంటుంది. ఆ రెండు వస్తువులు మాత్రం నువ్వు ముట్టుకోవద్దు అని చెప్పేయండి, ఆమెకూ ఒక పని తగ్గుతుంది. కుంచె పని మీరే చేసుకోండి, వారానికి రెండు నిమిషాలు.

(ఒకరు: కవరు వేసి ఉంచితే?)

మా అత్తగారు టీవీకి అద్దాలు కుట్టిన కవరు వేసేవారు. అలాంటిది వద్దు. కవరు లోపలికి దుమ్ము పోక మానదు, వేసిన ప్రతిసారీ తీసిన ప్రతిసారీ ఈడుస్తాం. ఊళ్ళు వెళ్ళేటప్పుడు నెలల తరబడి అయితే, ముందు శుభ్రం చేసి, పెద్ద మెత్తటి గుడ్డ వదులుగా, పై నుంచి తిన్నగా దించండి. ప్లాస్టిక్ వద్దు, వానాకాలం లోపల చెమ్మ పడుతుంది. చెమ్మకు ఎండీఎఫ్ అతుకుల దగ్గర కాస్త ఉబ్బితే పైన మెరుపులో సన్నటి గీత కనపడుతుంది, పొడుగ్గా, స్కేలు పెట్టి గీసినట్టు. అది గీత కాదు, లోపలి అతుకు పైకి కనపడటం. దాన్ని బఫింగ్ చేయించారంటే ఉన్నది పోతుంది, అది మాత్రం అక్కడే ఉంటుంది.

(ఇంకొకరు: సిరామిక్ కోటింగ్ వేయించుకోమంటున్నారు. గీత పడదంటున్నారు.)

పడుతుందండీ. వేసే పొర చాలా పలచన, ఇసుక రేణువును అది ఆపలేదు. నీళ్ళు నిలవకుండా జారడానికి పనికొస్తుంది, మీ హాల్లో వాన పడదు కదా! కార్నాబా వ్యాక్సు సన్నగా ఏడాదికోసారి రాస్తే తప్పులేదు, అది బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకు మైనం. కానీ రాయడానికి, తుడవడానికి మళ్ళీ గుడ్డతో రుద్దాలి. నేనైతే అదీ వద్దంటాను.

(గృహస్థు: మరి నా స్పీకర్ల సంగతి? ఎప్పుడు తీసుకెళ్తారు?)

ఒకసారి మళ్ళీ టార్చి ఇవ్వండి. ఇటు రండి సార్, గోరు ఇలా అడ్డంగా పోనివ్వండి, మెల్లగా. తగిలిందా? తగల్లేదు. అంటే పైపైనే. ఇవన్నీ టార్చి వేస్తేనే కనపడుతున్నాయి, మీరు పాట వినేటప్పుడు టార్చి వేసుకుని కూర్చోరు కదా. ఇప్పుడు బఫింగ్ చేస్తే రేపటికి అద్దంలా ఉంటుంది, నాకు డబ్బులొస్తాయి. మీ పొర మాత్రం తగ్గుతుంది. ఆ కాఫీకి ముందు తుడవడం మానేసి రెండేళ్ళు చూడండి. అప్పటికి కొత్త గీతలు పడకపోతే అప్పుడు ఒక్కసారి చేద్దాం. ఈ కుంచె ఇక్కడే ఉంచి వెళ్తాను, మా ఆవిడకు ఇంకోటి కొనాలి ఎలాగూ.